మిగతా ఓడలు ఏమయ్యాయి?

అమ్మాయీ,

నీ కథ అందింది. ముప్ఫై నాలుగు పేజీలు, అదీ రెండు వైపులా. కంట్లో చుక్కలు వేసుకున్నాక గంటసేపు చదవొద్దన్నాడు డాక్టరు. నీ కథ కోసం రెండు రోజులు చుక్కలే మానేశాను. ఆ చిరాకు కూడా ఈ ఉత్తరంలో కాస్త ఉంటుంది, సర్దుకో.

పన్నెండో పేజీలో జపాన్ సబ్‌మెరీన్ టార్పెడో వదిలింది. సరుకు ఓడకు తగిలింది. కాపలా నేవీ ఓడ మీదున్న మీ కెప్టెన్ పిడికిలి బిగించి ఆ సబ్‌మెరీన్ వెంటపడ్డాడు. అక్కణ్ణుంచి ఇరవై రెండు పేజీలు వేటే. చివర్లో నీళ్ళ మీద నూనె తేలింది, అందరూ జై కొట్టారు, అయిపోయింది. బాగుంది. మరి మిగతా ఓడలు ఏమయ్యాయి? దెబ్బతిన్నది మునిగిందా, తేలిందా? కెప్టెన్ వెనక్కి తిరిగి చూడలేదు. నువ్వూ చూడలేదు.

కాన్వాయ్‌కి, అంటే గుంపుగా వెళ్ళే ఓడలకి, కాపలాగా వెళ్ళిన నేవీ ఓడ పని సబ్‌మెరీన్‌ని ముంచడం కాదమ్మా. సరుకు ఓడల్ని క్షేమంగా, వేళకి రేవు చేర్చడం. దారిలో ఒక సబ్‌మెరీన్ మునిగితే సంతోషమే, కానీ దానికోసం బయల్దేరలేదు. 1940 అక్టోబరులో కెనడా నుంచి ఇంగ్లండుకి ఎస్.సి.-7 అనే కాన్వాయ్ బయల్దేరింది. 35 ఓడలు. కాపలాకి మొదట ఒక్కటే ఓడ, దాని పేరు స్కార్‌బరో. కొసకి సాయంగా ఇంకొన్ని వచ్చి కలిశాయి. అప్పుడే ఒక జర్మన్ సబ్‌మెరీన్ జాడ తెలిసి స్కార్‌బరో దాన్ని వెతుక్కుంటూ పోయింది. వెతికి వెతికి ఎంత వెనకబడిందంటే, మళ్ళీ కాన్వాయ్‌ని అందుకోలేకపోయింది. ఆ కాన్వాయ్‌లో 20 ఓడలు మునిగాయి. అదొక్కటీ ఉండి ఉంటే ఆగేదని నేననను. కానీ నీ కెప్టెన్ చేసింది అచ్చం ఇదే, నువ్వేమో అతని మెళ్ళో దండ వేశావు.

నువ్వు తీసుకున్నది నిజంగా జరిగిన సంగతని గుర్తుపట్టాను. అందుకే ఇంత కోపం. 1944 ఫిబ్రవరి 11. కొలంబో నుంచి కలకత్తా వెళ్తున్న జె.సి.-36 కాన్వాయ్, మన విశాఖకి దక్షిణంగా, ఎంతో దూరం కాదు. ఆర్‌.ఓ.-110 అనే జపాన్ సబ్‌మెరీన్ అస్ఫాలియన్ అనే బ్రిటిష్ ఓడని కొట్టింది. రాయల్ ఇండియన్ నేవీ ఓడ జమున, ఆస్ట్రేలియావి లాన్సెస్టన్, ఇప్స్‌విచ్, మూడూ కలిసి డెప్త్ చార్జీలతో, అంటే నీళ్ళలో లోతుకి దిగి పేలే మందుపీపాలతో, దాన్ని ముంచాయి. అందులో ఒక్కరూ బతకలేదు. చూశావా, వాళ్ళూ వెంటపడ్డారుగా అంటావు. పడ్డారు, అది కాన్వాయ్ పక్కనే పొంచి ఉంది కాబట్టి. ఇంతకీ అస్ఫాలియన్ మునగలేదు. దెబ్బ తిని కూడా తేలింది. ఇంత మంచి సంగతిని ఎలా వదిలేశావు?

ఇక ఆ జై. 1944లో జమున మీద ఎగిరింది ఇంగ్లండు రాజుగారి జెండా. కింద పనిచేసింది మనవాళ్ళు. సరిగ్గా రెండేళ్ళకి, మళ్ళీ ఫిబ్రవరిలోనే, బొంబాయిలో ఆ నేవీ కుర్రాళ్ళే తిండి బాగాలేదని, తెల్లవాళ్ళు తిడుతున్నారని తిరగబడ్డారు. ఆ కడుపుమంట నీ కథలో ఒక్క పళ్ళెం దగ్గరైనా కనపడాలి కదా.

నీ సోనార్ మనిషి గురించి ఒక మాట. నీళ్ళలోకి శబ్దం పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనితో సబ్‌మెరీన్ జాడ పట్టే ఆ సోనార్‌ని అప్పట్లో ఆస్‌డిక్ అనేవాళ్ళు. "శబ్దం దగ్గరవుతోంది, దగ్గరవుతోంది, సరిగ్గా మన కిందే ఉంది!" అని అరిపించావు. నేనూ ఇలాగే రాశాను, ముప్ఫై ఏళ్ళ వయసులో. మా వీధి చివర నేవీలో చేసి రిటైరైన ముసలాయన ఉండేవాడు. గర్వంగా చదివి వినిపించాను. ఆయన నవ్వి, "దగ్గరికెళ్తే వినపడదు బాబూ" అన్నాడు. ఆస్‌డిక్ కిరణం ముందుకి, కాస్త కిందకి పోతుంది. ఓడ బాగా దగ్గరయ్యేసరికి సబ్‌మెరీన్ ఆ కిరణం కిందికి జారిపోతుంది, ప్రతిధ్వని ఆగిపోతుంది. పీపాలేమో వెనకవైపు నుంచి దొర్లించాలి. అవి దిగడానికి కొన్ని సెకన్లు. కింద ఉన్నవాడికి పైన ప్రొపెల్లర్ చప్పుడు వినపడుతూనే ఉంటుంది, పక్కకి తప్పుకోవడానికి అదే అదను. పేలాక నీళ్ళన్నీ కలబడి చాలాసేపు ఏమీ తెలియదు. అందుకే రెండు మూడు ఓడలు కావాలి, ఒకటి దూరంగా నిలబడి వింటుంటే ఇంకోటి పైకి వెళ్ళడానికి. చెవులు పనిచెయ్యని ఆ కాసేపూ ఆ కుర్రాడు ఏం చేస్తాడు? ఆ పేజీ రాయి. అరుపులు కొట్టెయ్.

ఇలాంటి పేజీలు ఎవరూ వెయ్యరని భయపడుతున్నావేమో. వెయ్యరు, నిజమే. మా రోజుల్లో వారపత్రికలకి కొసమెరుపు జబ్బు ఉండేది. ఇప్పుడు పోటీలవాళ్ళకి మొదటి వాక్యంలోనే శవం కావాలట. 1981లో ఒక కథ పంపాను. కాన్వాయ్‌లో ఒక ఖలాసీ రాత్రి పన్నెండు నుంచి నాలుగు దాకా సముద్రం కేసి చూస్తాడు, ఏమీ కనపడదు, టీ తాగి పడుకుంటాడు. తొమ్మిదిసార్లు తిరగరాశాను. "ఇందులో ఏమీ జరగలేదు" అని అంచున పెన్సిల్‌తో రాసి తిప్పి పంపాడు సంపాదకుడు. చెల్లెలి పెళ్ళి దగ్గర పడింది, డబ్బు కావాలి. చివర్లో ఒక పేలుడు పెట్టి పంపాను. వేశాడు. ఆ పేలుడు ఇప్పటికీ నా సంకలనంలో ఉంది, సిగ్గు లేకుండా.

మా నాన్న యుద్ధం రోజుల్లో రేవులో లెక్కలు రాసేవాడు. వచ్చిన ఓడ పేరు, తేదీ, దింపిన బస్తాలు. "ఎలా వచ్చిందో రాయడానికి గడి లేదురా" అనేవాడు. నేను కథలు మొదలుపెట్టింది ఆ గడి కోసమే అనుకుంటాను.

నీ జమున సంగతి జరిగిన మర్నాడే, ఫిబ్రవరి 12న, మాల్దీవుల దగ్గర ఖేదివ్ ఇస్మాయిల్ అనే సైనికుల ఓడని ఐ-27 అనే జపాన్ సబ్‌మెరీన్ కొట్టింది. మొంబాసా నుంచి కొలంబో వస్తున్న కాన్వాయ్. నిమిషాల్లో మునిగింది. దాదాపు 1,300 మంది పోయారు, వాళ్ళలో నర్సులూ ఉన్నారు. బతికినవాళ్ళు నీళ్ళలో ఈదుతున్నారు. సబ్‌మెరీన్ సరిగ్గా వాళ్ళ కింద దాక్కుంది. వదిలేస్తే మిగతా సైనికుల ఓడల్ని కొడుతుంది. పెటార్డ్, పాలడిన్ అనే రెండు డిస్ట్రాయర్లు ఈదేవాళ్ళ మధ్యనే డెప్త్ చార్జీలు వేశాయి. చివరికి ఐ-27 మునిగింది. ఆ మీట మీద చెయ్యి వేసినవాడు ఆ రాత్రి అన్నం తిన్నాడా? పిడికిలి బిగించే మీ కెప్టెన్‌ని ఆ చోట నిలబెట్టి చూడు, ఒక్క డైలాగూ నోటికి రాదు.

పంతొమ్మిదో పేజీలో బాయిలర్ గది ఖలాసీ పడుకునే ముందు చెప్పులు నిచ్చెన వైపు తిప్పి పెట్టుకుంటాడు. అది చదివి పుస్తకం మూసి కాసేపు వరండాలో కూర్చున్నాను. అతన్ని మళ్ళీ చూపించలేదేం?

నవల చెయ్యొచ్చా అని అడిగావు. ముందు కథ చెయ్యి. కలం పేరు సంగతి తర్వాత.

విశాఖ వచ్చినప్పుడు బీచి రోడ్డులో కురుసుర సబ్‌మెరీన్‌లోకి వెళ్ళు. నువ్వు రాసిన కాలంది కాదు, రష్యావాళ్ళు కట్టినది, అయినా ఫర్వాలేదు. జనం తోస్తున్నా సరే, ఆ గుండ్రటి తలుపుల్లోంచి దూరి, పడకల దగ్గర ఆగి ఒళ్ళు కొలుచుకో. నీ కథలో జపాన్ కుర్రాళ్ళు లోపల పరిగెత్తుతున్నారు. ఎక్కడ పరిగెడతారో చూసి చెప్పు.

పన్నెండో పేజీ మీద కాఫీ ఒలికింది. మార్చి రాశాక ఇంకో ప్రతి పంపు, ఈసారి ఒక్క వైపే రాయి.

ఆశీస్సులతో,
నీ పెద్దాయన