చుక్క జరిగితే చూపు ఎలా దిద్దుకుంటుంది

తమ్ముడూ,

చూపు దూకుళ్ల మీద, అంటే కన్ను ఒక చోటి నుంచి ఇంకో చోటికి చటుక్కున మారే కదలికల మీద, నువ్వు పంపిన వ్యాసం చదివాను. మంచి విషయమే పట్టుకున్నావు. కానీ "లక్ష్యం జరగగానే కన్ను మధ్యలోనే దారి మార్చుకుంటుంది" అన్న వాక్యం తీసెయ్యి. అక్కడి నుంచే వ్యాసం దారి తప్పింది.

ముందు టైము లెక్క చూసుకో. పక్కన లక్ష్యంగా పెట్టిన చుక్క వెలిగాక కన్ను కదలడానికి దాదాపు 200 మిల్లీసెకన్లు పడుతుంది. 10 డిగ్రీల దూకుడు మాత్రం 50 మిల్లీసెకన్లలోపే అయిపోతుంది. కంట్లో పడ్డది మెదడుకు చేరి, కండరాలకు ఆజ్ఞగా తిరిగి రావడానికి అంత కొద్ది సమయం చాలదు. చేయి వదిలిన రాయిని దారిలో దిద్దలేం కదా, ఇదీ అంతే. పైగా ఆ క్షణంలో చూపు మొద్దుబారి ఉంటుంది. అప్పుడు చుక్కను కాస్త జరిపినా మనిషికి సాధారణంగా తెలియదు. 1967లో మెక్‌లాఫ్లిన్ అనే పరిశోధకుడు చేసిన ప్రయోగానికి ఆధారం ఈ సందే.

ఆ తరహా ప్రయోగాన్ని పాఠకుడికి దగ్గర నుంచి చూపించు. గడ్డం స్టాండు మీద ఆనించి, తెరకు 50 సెంటీమీటర్ల దూరంలో కూర్చోబెడతారు. అక్కడ 10 డిగ్రీలంటే తెర మీద సుమారు 8.8 సెంటీమీటర్లు. కన్ను దూకడం మొదలవగానే చుక్కను 3 డిగ్రీలు వెనక్కి లాగుతారు. కన్ను చుక్క మొదట వెలిగిన చోటే దిగుతుంది, చుక్క అక్కడ ఉండదు, ఇంకో చిన్న దూకుడుతో వెనక్కి వస్తుంది. ఇలా కొన్ని పదుల సార్లు జరిగేసరికి మొదటి దూకుడే పొట్టిదవడం మొదలవుతుంది. ఆ తర్వాత చుక్కను అసలు జరపకపోయినా కాసేపు పొట్టిగానే దూకుతుంది. ఈ ముక్క నీ వ్యాసంలో లేదు. కన్ను నిజంగా నేర్చుకుందనడానికి రుజువు ఇదే, తప్పక చేర్చు.

ప్రయోగం చెడేది ఎక్కువగా తెర దగ్గరే. 60 హెర్ట్జ్ తెర, అంటే సెకనుకు 60 సార్లు బొమ్మ మార్చే తెర, ఒక్కసారి మారడానికి 16.7 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. కంటి కదలికను పట్టే యంత్రం ఆలస్యం దీనికి తోడైతే, చుక్క జరిగే వేళకు కన్ను దిగిపోయి ఉంటుంది. మనిషి ఆ జరగడాన్ని చూసేస్తాడు. వేగమైన తెరలు వాడేది అందుకే.

దూకుడు పొట్టి కావడం తేలిక, పొడుగు కావడం నిదానం. కుడివైపు నేర్చుకున్నది ఎడమవైపుకు రాదు.

శరీరానికి ఈ ఏర్పాటు ఎందుకో చెప్పడానికి ఆరో కపాల నాడి దెబ్బతిన్న రోగుల ఉదాహరణ తీసుకో. కన్నును బయటివైపుకు తిప్పే కండరం బలహీనపడి, దూకుడు చుక్క దాకా చేరదు. మంచి కన్ను మూసి, ఆ బలహీనమైన కంటితోనే కొన్ని రోజులు చూస్తే మెదడు ఆజ్ఞను పెంచుతుంది. ఆజ్ఞ రెండు కళ్లకూ వెళుతుంది కాబట్టి, మూసిన మంచి కన్ను అవసరానికి మించి దూకుతుంది! ఈ దిద్దుబాటంతా ప్రధానంగా చిన్నమెదడు పని. దాని నడిమి భాగం పాడైతే ఇది కుంటుపడుతుంది.

చివర్లో "కంటి వ్యాయామంతో చూపు మెరుగుపడుతుంది" అన్న పేరా కూడా కొట్టెయ్యి. ఇక్కడ మారేది కన్ను ఎక్కడ దిగాలన్నది మాత్రమే. కళ్లద్దాల పవరుకూ దీనికీ సంబంధం లేదు. ఆ పేరా నమ్మి ఎవరైనా డాక్టరు దగ్గరికి వెళ్లడం మానేస్తారు.

సరిచేసి పంపు, మళ్లీ చూస్తాను.

ఆశీస్సులతో,
అన్నయ్య