కొచ్చి ప్రయాణమంటేనే ఇంట్లో గొడవ

ప్రశ్న: మావారు, నేను, పదిహేనేళ్ళ బాబు, ఎనిమిదేళ్ళ పాప, మా అత్తయ్య అందరం కలిసి హైదరాబాద్‌లో ఉంటాం. వచ్చే నెల శుక్రవారం నుంచి ఆదివారం దాకా కొచ్చి వెళ్దామని మావారు విమానం టికెట్లు, ఎర్నాకుళంలో హోటలు బుక్ చేశారు. ఏ గంటకు ఎక్కడ ఉండాలో పద్నాలుగు చోట్లతో ఎక్సెల్ షీట్ కూడా తయారుచేశారు. అత్తయ్యకు మోకాళ్ళ నొప్పులు. మాతో "నేను రానులే, మీరు వెళ్ళి రండి" అంటారు. మా ఆడపడుచుతో ఫోన్‌లో మాత్రం "నన్ను వదిలేసి పోతున్నారు" అని చెప్పుకుంటారు. బాబు ససేమిరా రానంటున్నాడు. పాపకు పడవ ఎక్కితే చాలు. పోయినసారి ట్రిప్పులో నాకు ఊరు మారింది గానీ పని మారలేదు. చివరి రోజు అందరి ముందూ ఏడ్చేశాను. ఇప్పుడు సూట్‌కేసు చూస్తేనే టెన్షన్ వస్తోంది. మానేద్దామంటే నాది స్వార్థం అంటారేమో. ఏం చేయమంటారు?

జవాబు: ట్రిప్పు మానొద్దు. ఆ షీటు మాత్రం మారాలి, అదీ మీవారి చేతుల మీదుగానే.

పద్నాలుగు చోట్ల వెనక ఆయన మంచి ఉద్దేశమే ఉంది. ఇంత ఖర్చు పెట్టి తీసుకెళ్తున్నాను, ఎవరికీ లోటు రాకూడదు అనుకునే మనిషే ఇలా గంటగంటకూ ప్లాన్ వేస్తాడు. "ఇదేం ప్లాను" అని మీరంటే ఆ మాట ప్లానుకు కాదు, ఆయనకే తగులుతుంది. ఆ అవసరం మీకు లేదు కూడా. మట్టాంచేరి ప్యాలెస్‌కు శుక్రవారం సెలవు. దాని పక్కనే ఉన్న పరదేశి సినగాగ్‌ను, అంటే 1568లో కట్టిన యూదుల ప్రార్థనా మందిరాన్ని, శనివారం తెరవరు. అది వాళ్ళ సబ్బాత్, అంటే వారానికోసారి పనులన్నీ మానే విశ్రాంతి రోజు. ఇక మీకు ఆ రెండూ కలిసి దొరికేది ఆదివారమే. "ఏ రోజు ఏవి మూసి ఉంటాయో ఒకసారి చూడండి" అని ఆయనకే అప్పగించండి. షీటు తనే చెరిపి మళ్ళీ రాసుకుంటారు. అప్పుడు పక్కన కూర్చుని, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి చాలని చెప్పండి. మధ్యాహ్నం గదిలోనే. ఆ ఉక్కపోతలో ఒంటిగంటకు వీధుల్లో తిరిగితే పెద్దావిడకే కాదు, పాపకు కూడా ఓపిక ఉండదు.

హోటలు రద్దు చేసుకునే వీలుంటే సముద్రం పక్కనున్న పాత పేట ఫోర్ట్ కొచ్చికి మార్చండి. ఎయిర్‌పోర్టు నుంచి గంటకు పైనే పడుతుంది, నిజమే. కానీ చర్చి, చేపలు పట్టే చైనా వలలు, సముద్రపు ఒడ్డు అన్నీ అక్కడ నడిచిపోయేంత దూరంలోనే ఉంటాయి. ఎవరికి అలసట వచ్చినా గదికి తిరిగొచ్చేయొచ్చు. ఎర్నాకుళంలో దిగితే విశ్రాంతి కోసం వెనక్కి రావడమే ఒక ప్రయాణం అవుతుంది.

ఇక అత్తయ్యగారి సంగతి. "రానులే" అన్న మాటను ఉన్నదున్నట్టు తీసుకోకండి. అలాగని బతిమాలకండి. ఆ వయసు ఆడవాళ్ళకు ప్రయాణమంటే మోకాళ్ళకన్నా పెద్ద భయం బాత్‌రూమ్. అది ఎక్కడ దొరుకుతుందో తెలియక పొద్దున్నుంచీ నీళ్ళు తాగడం మానేస్తారు. మధ్యాహ్నానికి తలనొప్పి, నీరసం, చిరాకు. మనమేమో "వచ్చిన దగ్గర్నుంచీ ఒకటే సణుగుడు" అనుకుంటాం. కొడుకుతో చెప్పుకోలేరు. కోడలితో చెప్పాలన్నా మొహమాటమే. అందుకని ఇంట్లో మీరిద్దరే ఉన్నప్పుడు మీరే మొదలుపెట్టండి: "అత్తయ్యా, కింది అంతస్తులో గది, వెస్టర్న్ టాయిలెట్ ఉన్నదే చూస్తున్నాం. మధ్యాహ్నమంతా రెస్టే. బయట మీరెక్కడ ఆగమంటే అక్కడ ఆగుదాం. ఇప్పుడు చెప్పండి, వస్తారా?" అసలు జవాబు అప్పుడు వస్తుంది. అది "రాను" అయినా సరే, నమ్మండి.

వస్తే మాత్రం ఆవిడ కోసమే అన్నట్టు ఒకటుంది. మట్టాంచేరి ప్యాలెస్ గోడల నిండా రామాయణ కథ బొమ్మలున్నాయి. పదహారో శతాబ్దంలో పోర్చుగీసువాళ్ళు కొచ్చి రాజుకు కట్టిచ్చిన భవనం అది. తర్వాత డచ్చివాళ్ళు బాగుచేయించారు కాబట్టి డచ్ ప్యాలెస్ అని కూడా అంటారు. బొమ్మలు చూడాలంటే మెట్లెక్కాలి, ఆ మాట ముందే చెప్పేయండి. ఎక్కుతానంటే కొడుకు చెయ్యి పట్టుకుని నెమ్మదిగా ఎక్కుతారు. ఆ కాసేపు తల్లీకొడుకులనే ఉండనివ్వండి.

పడవ దగ్గర మోకాళ్ళ బెంగ అక్కర్లేదు. 2023లో మొదలైన వాటర్ మెట్రో అనే పడవ సర్వీసుకు నీళ్ళ మీద తేలే ప్లాట్‌ఫామ్‌లున్నాయి. ఆటుపోట్లకు నీళ్ళు ఎక్కినా తగ్గినా ప్లాట్‌ఫామ్ పడవ అంచుకు సమానంగానే ఉంటుంది, వీల్‌చైర్ కూడా వెళ్ళిపోతుంది. ఎర్నాకుళంలో హైకోర్టు దగ్గర ఎక్కితే ఫోర్ట్ కొచ్చిలో దిగొచ్చు. పాప కోరికా తీరుతుంది.

పదిహేనేళ్ళవాడు "రాను" అంటే చాలాసార్లు "నన్నెవరూ అడగలేదు" అనే. శనివారం పొద్దున పూట వాడికి అప్పగించండి. వాస్కోడగామా 1498లో కేరళ తీరానికి వచ్చాడని పాఠంలో చదివే ఉంటాడు. ఆ మనిషి 1524లో కొచ్చిలోనే పోయాడని, సెయింట్ ఫ్రాన్సిస్ చర్చిలో పాతిపెట్టారని, తర్వాత అవశేషాలను పోర్చుగల్ తీసుకెళ్ళిపోయినా సమాధి రాయి ఇక్కడే ఉందని వాడినే చెప్పనివ్వండి. అక్కణ్ణుంచి చైనా వలల దగ్గరికి. తాళ్ళకు బండరాళ్ళు కట్టి ఉంటాయి. నలుగురైదుగురు కలిసి తాళ్ళు లాగితే రాళ్ళు కిందికి దిగుతూ, ఇంటి కప్పంత వల నీళ్ళలోంచి పైకి లేస్తుంది. అదెలా పనిచేస్తుందో చెల్లెలికి వివరించే పని వాడిదే. ఫోన్ లాక్కోకండి, దారి చూడ్డానికి అది కావాలి. దారి తప్పితే మీవారు నోరు మెదపకూడదు. ఇది ఆయనకు చాలా కష్టమైన షరతే, తెలుసు.

ఇప్పుడు మీ సంగతి. మీ ఉత్తరంలో అందరి ఇష్టాయిష్టాలూ ఉన్నాయి. కొచ్చిలో మీకేం చూడాలని ఉందో మాత్రం ఒక్క ముక్క కూడా లేదు. పోయినసారి ఏడుపు వచ్చింది పని ఎక్కువై మాత్రమే కాదు, ఆ పని ఎవరికీ కనపడక. ఆ షీటులో "ఏ గంటకు, ఎక్కడ" అని ఉంది కదా. పక్కన "ఎవరు చూసుకోవాలి" అని ఇంకో గడి చేర్చమనండి. అత్తయ్య మందులు, పాప బట్టలు, నీళ్ళ సీసాలు, ఆధార్ కార్డులు, అన్నీ అందులోకి రావాలి. నింపడం మొదలుపెడితే మీ పేరు ఎన్నిసార్లు వస్తోందో ఆయన కళ్ళతో ఆయనే చూస్తారు. మందులు ఆయనకు, ఎవరి బ్యాగు వాళ్ళకు. మీరు సర్దిపెట్టి "ఇది నీ బ్యాగు" అనడం లెక్కలోకి రాదు. బాబు ఒక చొక్కా మరిచిపోతే మరిచిపోనివ్వండి.

శనివారం సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా మీరు ఒక్కరే బయటికి వెళ్తారని కూడా అందులో రాయించండి. ఒడ్డు మీద కూర్చుంటారో, ఆ సినగాగ్ ఉన్న జ్యూ టౌన్ వీధిలో పాత సామాన్ల కొట్లు చూస్తారో మీ ఇష్టం. దీన్ని బతిమాలినట్టు అడగొద్దు, అలిగి చెప్పొద్దు. "శనివారం సాయంత్రం మూడు గంటలు నాకు కావాలి, పిల్లల్ని మీరు చూసుకోండి" అంటే చాలు. కారణాలు చెప్పడం మొదలుపెడితే ఆ మూడు గంటలూ అక్కడే అయిపోతాయి.

ఇంటిపని ఎవరెంత చేయాలన్న అసలు పేచీ మాత్రం హోటల్ గదిలో తీయకండి. పిల్లలు వింటుంటారు, పక్క మంచం మీద అత్తగారుంటారు, ఆయనకు లేచి వెళ్ళే చోటుండదు. తిరిగొచ్చిన వారం తర్వాత, ఆ గడులు నింపిన షీటునే ముందు పెట్టుకుని మాట్లాడండి.

అత్తయ్యగారు నిజంగానే రానంటే, ఆ మూడు రోజులు వచ్చి ఉంటారా అని మీ ఆడపడుచును ఈ వారంలోనే అడగాలి. "వదిలేసి పోతున్నారు" అన్న మాట ఆవిడ చెవిన పడే ఉంది కాబట్టి, ఆ ఫోన్ మీరు చేయకండి. మీవారే, వాళ్ళమ్మ పక్కన కూర్చుని చేయాలి.