చావబోయే పిల్ల చేత పాఠాలు చెప్పించకు

అమ్మాయికి ఆశీస్సులు.

నవల అందింది, మొత్తం చదివాను. నీ తెలుగు శుభ్రంగా ఉంది, చదివిస్తుంది. మెచ్చుకోలు ఇంతటితో సరి. పన్నెండో అధ్యాయం దగ్గర నాకు ఒళ్లు మండింది. ఆ మంట చల్లారకముందే రాస్తున్నాను, కాబట్టి మాట కాస్త పెళుసుగా ఉంటే ఏమీ అనుకోకు.

కపిలతీర్థం మెట్ల మీద పదిహేడేళ్ల పిల్ల కూర్చుని ఉంది. కొండ మీంచి నీళ్లు దూకుతున్నాయి. (ఏప్రిల్ అని నువ్వే రాశావు. ఏప్రిల్ ఎండల్లో ఆ ధార అంత జోరుగా ఎక్కడ పడుతుందో నాకూ చూపించు.) పక్కన ఇంటర్ క్లాస్‌మేట్. పిల్లకు బ్లడ్ క్యాన్సర్, ఇంకో రెండు నెలలే అని డాక్టర్ చెప్పేశాడు. అప్పుడా పిల్ల ఏం చేసింది? జీవితమంటే ఏంటో, ప్రేమంటే ఏంటో, ఆకు రాలితే చెట్టు ఎందుకు ఏడవదో మూడు పేజీల పాటు వాడికి విడమరిచి చెప్పింది. వాడు నోరు తెరుచుకుని విన్నాడు. మొదటి అధ్యాయంలో కెమిస్ట్రీ రికార్డు పక్కపిల్ల దగ్గర చూసి దించుకున్న పిల్ల కదమ్మా ఇది! అరవై దాటినా నాకింకా అంతుపట్టని సంగతులు ఈ పిల్లకి ఇంతలోనే ఎట్లా తెలిశాయి? ఒంట్లో తెల్లకణాలు పెరిగితే తెలివి కూడా పెరుగుతుందా?

చావు దగ్గరపడితే మనిషికి జ్ఞానం వస్తుందన్నది రాసేవాళ్లు పుట్టించిన మాట. నేను చూసినంతలో కోపిష్టి కోపిష్టిగానే పోయాడు, పిసినారి ఆఖరి వారంలో కూడా ఆటోవాడితో బేరమాడాడు. బతికున్న మనకు ఓదార్పు కావాలి. ఆ పని కూడా చచ్చేవాళ్ల నెత్తినే పెడతాం. నీ నవల్లో ఆ పిల్ల అందరినీ ఓదార్చింది. తల్లిని, స్నేహితురాలిని, ఆఖరికి నర్సును కూడా. దానికంటూ ఒక్క కోరిక లేదు, ఒక్క పట్టుదల లేదు, ఎవరి మీదా ఒక్క చాడీ లేదు. అంత మంచిపిల్ల పోతుంటే నాకు కన్నీళ్లు రాలేదు. ఇక పోతేనే మేలనిపించింది.

1983లో మా చిన్నాన్న కొడుకు వేలూరు ఆసుపత్రిలో ఉన్నాడు. వాడికీ ఈ జబ్బే. రాత్రిళ్లు తోడు పడుకునేది నేను. వరల్డ్ కప్ ఫైనల్ రోజు వాడి పోరు పడలేక ట్రాన్సిస్టర్‌కు కొత్త సెల్స్ తెచ్చి వేశాను. మనవాళ్లు 183కే ఆలౌటయ్యేసరికి, "ఇంకేముంది, ఆపెయ్" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. పొద్దున్నే గెలిచామని చెబితే ముందు నమ్మలేదు. నమ్మాక, రేడియో ఎందుకు ఆపేశావని నన్ను తిట్టాడు. వాడు ఆపమంటేనే ఆపాను! మధ్యాహ్నం దాకా నాతో మాట్లాడలేదు. ఆగస్టు రాకముందే పోయాడు. నాతో ఆఖరుగా అన్న మాట: "అన్నా, నా సైకిలు ఎవురికీ ఇయ్యద్దని అమ్మకు చెప్పు. టైర్లు పోతాయి."

దాన్ని కథగా రాసి ఒక వారపత్రికకు పంపాను. ఎడిటర్‌గారి దగ్గర్నుంచి కార్డు వచ్చింది. చావుబతుకుల్లో ఉన్నవాడు సైకిల్ గురించి మాట్లాడితే పాఠకుడు హర్షించడు, గుండెలు కదిలే మాట ఏదైనా చెప్పించండి అని. నేను మార్చనన్నాను. కథ అచ్చయింది, సైకిల్ మాత్రం లేదు. దాని చోట దీపం, చమురు, వెలుగు అంటూ ఆయనే ఓ వాక్యం దిగ్గొట్టారు. ఇప్పటికీ సభల్లో ఎవరో ఒకరు ఆ వాక్యాన్నే మెచ్చుకుంటారు. నేను నమస్కారం పెట్టి ఊరుకుంటాను.

ఆ రోజుల్లో ఫ్యాషనే అది. సీరియల్లో హీరోయిన్‌కి బ్లడ్ క్యాన్సర్ రావాలి, దగ్గితే తెల్ల రుమాలు ఎర్రబడాలి. టీబీ లక్షణాన్ని తెచ్చి క్యాన్సర్‌కు తగిలించారని అడిగిన నాథుడు లేడు. ఇప్పుడు ఇంగ్లీషు టీనేజీ నవలల పుణ్యమా అని కొత్త ఫ్యాషన్ వచ్చింది. రుమాలు పోయింది, చమత్కారం వచ్చింది. పిల్లలు సెలైన్ స్టాండ్ పట్టుకుని జోకులేసుకుంటూ ప్రేమించుకుంటారు. నీ పిల్ల ఆ బాపతే.

జబ్బు సంగతీ తెలుసుకుని రాయి. పిల్లల్లో ఎక్కువగా వచ్చే ఏఎల్ఎల్ (అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా) రకం బ్లడ్ క్యాన్సర్‌కు ఇవాళ మంచి వైద్యం ఉంది. రెండు మూడేళ్లు సాగుతుంది, చాలామంది బతికి బయటపడతారు. మొదటి రోజే డాక్టర్ గడువు చెప్పడు, కౌంట్ చెబుతాడు, అంటే రక్తకణాల లెక్క. పిల్లను చంపక తప్పదంటే జబ్బు తిరగబెట్టాలి. తగ్గిందనుకుని కాలేజీకి పోయొచ్చిన పిల్లకు మళ్లీ కౌంట్ తేడా రావాలి. అక్కడ ఉంది నీ నవల. ఇంకోటి, చిత్తూరు పిల్లను హైదరాబాద్ ఎందుకు తీసుకెళ్లావు? చిత్తూరువాళ్లు వేలూరు బస్సెక్కుతారు, లేదా వేలూరు పక్కనున్న కాట్పాడిలో రైలు దిగుతారు. 2022 నుంచి అలిపిరి దగ్గరే క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. కీమోలో ఎర్రమందు ఎక్కించిన రోజు మూత్రం ఎర్రగా వస్తుంది. ముందే చెప్పకపోతే ఇంటిల్లిపాదీ హడలిపోతారు. ఇట్లాంటివి నీకు ఏ ఇంగ్లీషు నవలా చెప్పదు. వార్డు బయట బెంచీ మీద కూర్చున్న ఏ తల్లినడిగినా చెబుతుంది.

నువ్వు రాయలేవని కాదు. ఏడో అధ్యాయంలో నాలుగు వాక్యాలున్నాయి. స్టెరాయిడ్ మాత్రల ఆకలికి పిల్ల అర్ధరాత్రి లేచి, సంగటి, చెనిక్కాయల ఊరిబిండి కావాలని మారాం చేస్తుంది. తల్లి ఇంత సంగటి కెలికి పెడుతుంది. తినేసి, ఇంకా కావాలంటుంది. గిన్నె అడుగు గీకుతుంది. "రేపటికి పిండి లేదు" అంటుంది తల్లి. అక్కడ నేను చదవడం ఆపి కాసేపు వరండాలో తిరిగొచ్చాను. ఆ ఉబ్బిన మొహం, ఆ గీకుడు, పిండి లేకపోవడం నిజం. నువ్వేమో వెంటనే కిటికీలోంచి చందమామను చూపించి చాప్టర్ ముగించేశావు! తెల్లారి పిండికి ఎవరెళ్లారు? కౌంట్ తక్కువున్నప్పుడు అది బయట తిండి తినకూడదు కదా, దొంగతనంగా చాట్ తెప్పించుకుందా? ఎవరి చేత? కపిలతీర్థం కొట్టేసి ఇది రాయి. ఆ కుర్రాడిని ఉంచదలుచుకుంటే ఆ చాట్ పొట్లం తెచ్చేది వాడే కావాలి. తర్వాత జ్వరం వస్తే భయంతో ఫోన్ ఎత్తనివాడూ వాడే కావాలి.

పబ్లిషర్ ఎవరైతే బాగుంటుంది, ముందుమాట రాస్తారా అని అడిగావు. ఆ సంగతి తర్వాత చూద్దాం.

ఒకటి మాత్రం తొందరగా తేల్చు. మూడో అధ్యాయంలో బంగారం తాకట్టు పెట్టొస్తానని బయల్దేరిన తండ్రి నవల అయిపోయినా ఇంటికి రాలేదు. ఎంతకు కుదువపెట్టాడు, ఎవరి గాజులు, విడిపించారా లేదా అన్నది నాకు ఫోన్‌లో చెప్పొద్దు. రాసి పంపు, కాగితానికి ఒకవైపే. నా కళ్లు అంతంతమాత్రం, అక్షరాలు కాస్త పెద్దవిగా పెట్టించు.

ఆశీస్సులతో,
మీ సార్
తిరుపతి