సందేహాలు – సమాధానాలు: అపొస్తలుల వారసత్వమా, పరంపరా?

సందేహం: మా సంఘ పత్రికకు తొలి శతాబ్దాల క్రైస్తవం మీద వ్యాసం రాస్తున్నాను. అపొస్తలుడన్నా శిష్యుడన్నా ఒకటేనా? బిషప్పులను 'అపొస్తలుల వారసులు' అనవచ్చా? 'వారసత్వం' అంటే ఆస్తి పంపకాల్లా ఉందని మావాళ్ల అభ్యంతరం.
– ఒక పాఠకురాలు

సమాధానం: ఒకటి కాదు. శిష్యుడు నేర్చుకొనేవాడు, అపొస్తలుడు పంపబడినవాడు. మత్తయి 10వ అధ్యాయం తెరవండి. మొదటి వచనంలో పన్నెండుమంది 'శిష్యులు', రెండో వచనానికల్లా వాళ్లే 'అపొస్తలులు'. మధ్యలో జరిగిందల్లా, వాళ్లను పనిమీద పంపడం. (అన్నట్టు, 'పొ'కు దీర్ఘం తీయనక్కర్లేదు. గ్రీకు 'అపొస్తొలొస్'లో ఉన్నది హ్రస్వమే, మనకూ హ్రస్వ ఒకారం ఉంది.)

చిక్కంతా ఈ గ్రీకు మాట బిరుదూ కావడం, మామూలు మాటా కావడం. పౌలు దగ్గర మన అనువాదకులు 'అపొస్తలుడు' అన్నారు. ఫిలిప్పీ సంఘం కానుకలిచ్చి పంపిన ఎపఫ్రొదితు దగ్గరకొచ్చేసరికి అదే మాట 'దూత' అయింది. యోహాను 13:16లో 'పంపబడినవాడు' అయింది. మూడూ ఒకే మాటని తెలుగు చదివేవారికి తెలిసే దారి లేదు. అపొస్తలుడు ఎవరన్న తగవు మొదట్లోనే ఎందుకొచ్చిందో ఇక్కడే అర్థమవుతుంది.

యేసును పట్టించిన యూదా స్థానం ఖాళీ అయినప్పుడు పేతురు పెట్టిన అర్హత గట్టిది: యోహాను బాప్తిస్మం మొదలు ప్రభువు ఆరోహణం దాకా వెంట తిరిగినవాడై ఉండాలి. ఇద్దరిని నిలబెట్టి చీట్లు వేస్తే మత్తీయకు వచ్చింది. ఆ లెక్కన పౌలుకు అర్హత లేదు. 'నేను అపొస్తలుడను కానా? మన ప్రభువైన యేసును నేను చూడలేదా?' అని కొరింథీయులను ఆయన నిలదీసింది ఊరికే కాదు. మత్తీయ ఎన్నికయ్యాక కొన్నేళ్లకు, పన్నెండుమందిలో ఒకడైన యాకోబును హేరోదు రాజు కత్తితో చంపించాడు. ఆ స్థానానికి చీట్లు వేసినట్టు అపొస్తలుల కార్యముల్లో లేదు.

ఇక వారసత్వం. క్రీ.శ. 96 ప్రాంతంలో కొరింథులో సంఘపెద్దలను తొలగించారని రోము నుంచి అక్కడి సంఘ నాయకుడు క్లెమెంటు ఉత్తరం రాశాడు. అపొస్తలులు అధ్యక్షులను (అంటే బిషప్పులను) నియమించారు, వాళ్లు పోయాక తగినవాళ్లు ఆ సేవ చేపట్టాలని ఏర్పాటూ చేశారు అని ఆయన వాదం. 180 ప్రాంతంలో లియోన్ బిషప్ ఇరేనియస్ రోము బిషప్పుల పేర్లు లీనస్ నుంచి వరసగా చెప్పాడు. 'మా బోధ అపొస్తలుల నుంచి రహస్యంగా వచ్చింది' అనే జ్ఞానవాదులకు (గ్నోస్టిక్కులకు) అది ఆయన జవాబు. ఈ వరసకు గ్రీకు మాట 'దియదొఖే'. తత్త్వవేత్తల పాఠశాలల్లో ఒక గురువు తర్వాత మరొక గురువు రావడాన్నీ అలాగే అనేవారు. అంటే మన గురుపరంపర!

'వారసుడు' అరబ్బీ 'వారిస్' నుంచి వచ్చింది, చనిపోయినవాడి ఆస్తికి హక్కుదారు. 'రాజకీయ వారసుడు' అని వాడుకలో పడ్డాక అది తప్పనలేం గానీ, నా ఓటు 'అపొస్తలుల పరంపర'కే. నడిచివచ్చింది పదవి అని కతోలికులు, ఆర్థడాక్సువారు అంటారు. బోధ అని ప్రొటెస్టెంట్లలో చాలామంది అంటారు. 'పరంపర' ఎవరి పక్షమూ పట్టదు.

తెలుగు బైబిల్లో బిషప్పుకు వాడిన 'అధ్యక్షుడు' మాత్రం ఇప్పుడు పార్టీ ప్రెసిడెంటులా వినిపిస్తుంది, 'బిషప్' అనే రాయండి. యూదా స్థానం గురించి పేతురు ఎత్తిచూపిన కీర్తనలో 'ఉద్యోగము' అని ఉందే, గ్రీకులో అది 'ఎపిస్కొపే'. బిషప్ అన్నది ఆ కుదురు మాటే. నడిచివచ్చింది పదవి అనేవారు చూపే వాక్యాల్లో ఇదొకటి. తెలుగులో చదివితేనేమో గుమాస్తా పోస్టు ఖాళీ అయినట్టుంటుంది!