మే 9 నాటి పేకెట్టు

ప్రశ్న: నమస్కారం మేడమ్. నాకు 54 ఏళ్ళు. నాలుగో ఏట అమ్మానాన్నలతో న్యూజెర్సీ వచ్చాను. 1980లో నాకు తొమ్మిదేళ్ళప్పుడు ప్రతి శుక్రవారం స్కూల్లో స్పెల్లింగ్ పరీక్ష ఉండేది. ఇరవైకి పందొమ్మిది వస్తే నాన్న టాప్స్ కంపెనీ బేస్‌బాల్ కార్డుల (ఆటగాళ్ళ బొమ్మలుండే అట్టముక్కల) పేకెట్టు ఒకటి ఇచ్చేవారు. తగ్గితే లేదు. అమ్మ పోయి ఏడాదైంది. మొన్న ఆవిడ పట్టుచీరల పెట్టె సర్దుతుంటే అడుగున బిస్కెట్ల డబ్బా కనబడింది. అందులో అప్పుడు నాకివ్వని పేకెట్లు పదకొండు, సీలు విప్పకుండా ఉన్నాయి. ఒక్కోదాని మీద నాన్న బాల్‌పెన్‌తో తేదీ, మార్కులు రాశారు. ఫొటో పంపుతున్నాను. వీటిని విప్పాలా, అలాగే దాచాలా? పెన్ను రాత వల్ల విలువ తగ్గుతుందా? అమ్మేసి బాబు కాలేజీ ఖాతాలో వేద్దామంటుంది మా ఆవిడ. తనకూ వాటా ఉందంటుంది డాలస్‌లో ఉన్న అక్క. మా పదిహేనేళ్ళ అబ్బాయి ఒక్కటైనా విప్పుతానంటే ‘కాలేజీ ప్రవేశ పరీక్ష ఎస్.ఏ.టి.లో 1500 దాటితే చూద్దాం’ అన్నాను. నాన్న మాతోనే, కింద గదిలో ఉంటారు. 84 ఏళ్ళు. మేం పెద్దగా మాట్లాడుకోం. డబ్బా సంగతి ఆయనకి చెప్పలేదు.

జవాబు: మీరడిగిన దానికి జవాబు చిన్నది, ముందు అది చెప్పేస్తాను.

నాకు బేస్‌బాల్ తెలియదు. మా చెల్లెలి కొడుకు అమెరికాలోనే పుట్టి పెరిగాడు, చిన్నప్పటి నుంచీ వాడికి ఈ కార్డుల పిచ్చి. మీ వివరాలు చెప్పకుండా వాణ్ణి గంటసేపు ఫోన్లో అడిగాను. 1980 టాప్స్ సెట్టులో మొత్తం 726 కార్డులట. పావు డాలరుకి పదిహేను కార్డులు, ఒక బబుల్‌గమ్ ముక్క వచ్చేవి. అందరూ వెతికేది 482వ నంబరు కోసం, ఓక్లండ్ ఆటగాడు రికీ హెండర్సన్ మొదటి కార్డు. మీ పదకొండు పేకెట్లలో ఉన్నవి 165 కార్డులు. అన్నిటినీ సమంగా కలిపి కట్టారనుకుంటే అది మీకు తగిలే అవకాశం ఐదింట ఒకటి. తగిలినా సరిపోదు. బొమ్మ ఒక పక్కకి జరిగిపోకుండా సరిగ్గా మధ్యలో పడాలి. గమ్ ఆనుకున్న కార్డుకి మరక, పేకెట్టు చుట్టిన మైనం కాగితం మడత ఆనుకున్న కార్డుకి ఇంకో మరక ఉంటాయి. విప్పితే డబ్బు పోయే అవకాశమే ఎక్కువ. లోపల హెండర్సన్ ఉన్నాడేమో అన్న ఆశకే జనం విప్పని పేకెట్టుకి ధర పెడతారు. ఆ మైనం కాగితాన్ని వేడి చేసి మళ్ళీ అతికించే మోసగాళ్ళు కూడా ఉన్నారు. అందుకని సీలు అసలుదేనని పరీక్ష చేయించుకోకపోతే తెలిసినవాళ్ళెవరూ మంచి ధర పెట్టరు. పెన్ను రాత ఉంటే ధర తగ్గిస్తారు. అయినా దాన్ని తుడవకండి.

అక్క వాటా సంగతి కూడా ఇక్కడే తేల్చేద్దాం. ఆ పేకెట్ల మీద ఉన్నవి మీ మార్కులు, ఆవిడవి కావు. ఈ మాటే ఆవిడకి చెప్పండి.

మా వాడు ఇంకో విషయం చెప్పాడు. 1952 నాటి మిక్కీ మాంటిల్ అనే ఆటగాడి టాప్స్ కార్డు ఒకటి 2022లో కోటీ 26 లక్షల డాలర్లకి అమ్ముడుపోయింది. 1952లో అమ్ముడుపోక మిగిలిన పెట్టెల్ని 1960లో పడవకెక్కించి అట్లాంటిక్ సముద్రంలో పారబోయించానని టాప్స్‌లో పనిచేసిన సై బెర్గరే చెప్పుకున్నాడు. ఇళ్ళల్లో ఉన్నవాటిని, పిల్లలు పెద్దవాళ్ళయ్యాక, తల్లులు అటకలు దులుపుతూ చెత్తలో వేశారు. అంతమంది పారేశారు గనకే మిగిలిన వాటికి అంత ధర. మీ అమ్మగారు మాత్రం పారెయ్యలేదు. పట్టుచీరల అడుగున పెట్టుకుని నలభై అయిదేళ్ళు దాచారు. ఆవిడ దృష్టిలో అవి కార్డులేనంటారా?

మీరు పంపిన ఫొటో పెద్దది చేసి చూశాను. ఒకదాని మీద ‘ఏప్రిల్ 18, 17/20’ అని ఉంది. ఇంకోదాని మీద ‘మే 9, 18/20’. దాని కింద చిన్న అక్షరాల్లో ‘నెసెసరీ’ అని ఇంగ్లీషులో రాసి, రెండు ‘ఎస్’ల కిందా గీత గీశారు. ఆ వారం మీరు ఒక ‘ఎస్’ వదిలేసి ఉంటారు. పేకెట్టు ఇవ్వకపోయినా, తప్పు దిద్ది మరీ దాచారు.

ఆయన వాటిని ఎప్పుడు కొని ఉంటారని చాలాసేపు ఆలోచించాను. మార్కులు చూశాక కొనే మనిషయితే తగ్గిన వారం కొనేవారే కాదు. పదకొండు మిగిలాయంటే శుక్రవారం సాయంత్రం డ్యూటీ నుంచి వస్తూ ముందే కొని తెచ్చేవారన్నమాట. జేబులో పెట్టుకుని గుమ్మంలోకొచ్చి ‘ఎన్నొచ్చాయిరా?’ అని అడిగి ఉంటారు. మీరు ‘పద్దెనిమిది’ అని ఉంటారు. ఆ చెయ్యి జేబులోంచి ఇక బయటికి రాలేదు.

ఆయన్ని వెనకేసుకొస్తున్నానని అనుకోకండి. ఆయన చేసింది తప్పే. చదవలేదని మందలించవచ్చు, కూర్చోబెట్టి చదివించవచ్చు. ప్రేమగా తెచ్చినదాన్ని మార్కుల తక్కెట్లో పెట్టి తూచడం నేను ఏ రోజూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. నాకిది విని తెలిసిన సంగతి కాదు. మా నాన్నగారు బడిపంతులు. పదో తరగతిలో ఫస్ట్ క్లాసు వస్తే హెచ్.ఎం.టి. వాచీ కొంటానన్నారు. మూడు మార్కులు తగ్గాయి, వాచీ రాలేదు. ఆయన పోయేదాకా నేను ఆ ఊసెత్తలేదు. అడిగితే చులకనైపోతానని బిగుసుకుని కూర్చున్నాను. దాన్ని అప్పట్లో ఆత్మగౌరవం అనుకున్నాను. ఇప్పుడు అడుగుదామంటే ఆయన లేరు. మీ నాన్నగారు ఉన్నారు, మెట్లు దిగితే కనబడతారు.

ఇక మీ అబ్బాయి సంగతి. ‘1500 దాటితే చూద్దాం’ అన్న మాట రాస్తున్నప్పుడు మీ చెయ్యి ఆగలేదా? మీ నాన్నగారికి ఆ రోజుల్లో ఒక సాకైనా ఉంది. కొత్త దేశం, తెలియని భాష, ఒక్క అక్షరం తప్పినా పిల్లాడు వెనకబడిపోతాడేమోనన్న భయం. మీకు ఆ సాకు కూడా లేదు. ఇవ్వకపోతే ఎలా ఉంటుందో మీకు తెలుసు. తెలిసి, అదే మాట అన్నారు.

కాబట్టి విప్పడమా దాచడమా అన్నది పక్కన పెట్టండి. డబ్బా తీసుకుని మీరొక్కరే కింద గదికి వెళ్ళండి. మీ ఆవిడా అబ్బాయీ వద్దు, ఫోన్లో అక్కా వద్దు. ‘నాన్నా, అమ్మ పెట్టెలో ఇవి దొరికాయి’ అని ఆయన మంచం మీద పెట్టండి. అంతకు మించి ఏమీ అనకండి. ఆయన ‘ఆఁ, పాతవి’ అని టీవీ వైపు తిరిగిపోవచ్చు, గుర్తులేదనీ అనొచ్చు. మీరు లేచి వచ్చెయ్యకండి. అవి అమ్మగారి పెట్టెలోకి ఎలా చేరాయో చెప్పగలిగిన మనిషి ఇప్పుడు ఆయనొక్కరే. అది అడగండి. ఆవిడ పోయిన ఈ ఏడాదిలో ఆవిడ గురించి మీ తండ్రీకొడుకులు నోరు విప్పి ఒక్కసారైనా మాట్లాడుకున్నారా అని నాకు అనుమానం.

‘నాకెందుకివ్వలేదు?’ అని అడగాలనిపిస్తే అడగండి. ఆ హక్కు మీకుంది. ఒక్కసారి అడిగి ఊరుకోండి. ఆయన చెప్పింది మీకు నచ్చకపోయినా వాదన పెట్టుకోకండి. 84 ఏళ్ళ మనిషిని బోనెక్కించి మీరు బావుకునేదేమీ లేదు.

ఆయన మాట్లాడినా మాట్లాడకపోయినా, మే 9 నాటి పేకెట్టు ఆయన చేత్తో ఇప్పించుకోండి. అడిగి తీసుకోండి, సిగ్గుపడకండి. అది మాత్రం విప్పండి. అప్పుడు మీ అబ్బాయిని పిలవండి, కార్డులు ఒక్కొక్కటే వాడే తియ్యాలి. ఆ గమ్ ఎవరూ నోట్లో పెట్టుకోకుండా చూడండి, ఇన్నేళ్ళకి అది ముట్టుకుంటే పొడి అయిపోతుంది. మిగతా పదీ మీ ఇష్టం. కాలేజీ ఖాతాలో వేద్దామన్న మీ ఆవిడ మాటలో తప్పేమీ లేదు, కాకపోతే నాన్నగారికి చెప్పకుండా అమ్మకండి.

ఇదంతా శనివారం చూసుకోవచ్చు. ఆ 1500 మాట మాత్రం ఈ రాత్రే వెనక్కి తీసుకోండి, పిల్లాడు పడుకోకముందే.