షెడ్డులో సగం కట్టిన కారు, ముందు 600 కిలోమీటర్ల బ్రెవే: రెండూ కలిపి సాగించగలమా?

ఒంగోలు నుంచి ఒక తమ్ముడు అడిగాడు. పాత మారుతి ఓమ్ని సామానుతో లోటస్ సెవెన్ (ఇంగ్లండు వాళ్ల చిన్న స్పోర్ట్స్ కారు) తరహా కారు ఇంటి షెడ్డులో కడుతున్నాడట. ఫ్రేము సగమైంది. ఈ సీజన్లోనే 200, 300, 400, 600 కిలోమీటర్ల బ్రెవేలు (గడువు లోపల తొక్కాల్సిన దూరపు సైకిలు ప్రయాణాలు) నాలుగూ పూర్తి చేసి సూపర్ రాండొనీర్ అనిపించుకోవాలని, 2027లో ఫ్రాన్సులో జరిగే పెద్ద సైకిలు ప్రయాణం పారిస్-బ్రెస్ట్-పారిస్ తొక్కాలని ఆశ. ఉద్యోగం, ఇద్దరు చిన్న పిల్లలు. "రెండిట్లో ఒకటి వదిలేయాలా అన్నా? మీకంటే చిన్నవాణ్ణి, నువ్వనే పిలవండి" అని రాశాడు.

వదలొద్దు తమ్ముడూ. నేను నెల్లూరులో ఉంటాను. వయసు 46, డిప్లొమా పిల్లలకు మెకానికల్ పాఠాలు చెప్తాను. ఆరేళ్లుగా ఈ రెండు పనులూ చేస్తున్నాను. నా కారు కూడా ఓమ్ని ఇంజనుదే. మన దగ్గర ఈ పనికి ఓమ్నిని మించింది దొరకదు. 796 సీసీ ఇంజను బండి పొడవు వెంబడి కూర్చుంటుంది, వెనక చక్రాలకు ప్రొపెల్లర్ షాఫ్టుతో శక్తి వెళ్తుంది. సెవెన్ పద్ధతికి కావలసింది సరిగ్గా అదే. మారుతి 800 అయితే ఇంజను అడ్డంగా ఉండి ముందు చక్రాలు తిప్పుతుంది కాబట్టి ఇక్కడ పనికిరాదు. ఓమ్ని తయారీ 2019లో ఆగిపోయినా ఆటోనగర్‌లో సామానుకు ఇంకా లోటు లేదు.

ఇక నీ ప్రశ్న. ఇలాంటివి అడిగితే అందరూ టైమ్ టేబుల్ వేసుకోమంటారు. నేనూ మొదటి రెండేళ్లు అదే చేశాను. వారానికి సైకిలు పది గంటలు, కారు ఎనిమిది గంటలు అని కాగితం రాసి షెడ్డు గోడకు అంటించాను. గంటలు సరిపోయాయి. ఒళ్లే సరిపోలేదు. సైకిలు, వెల్డింగు చూడ్డానికి వేరు వేరు పనులు గానీ, రెండూ మన ఒంట్లో అవే చోట్ల నుంచి వాడుకుంటాయి: అరచేతులు, మెడ, నడుము, నిద్ర. శనివారం సైకిలు మీద వాడేసిన అరచేయి ఆదివారం వెల్డింగు టార్చి పట్టుకునేటప్పటికి తిరిగి రాదు.

దీనికి నేను ఇచ్చిన మూల్యం చెప్తాను. ఒక శనివారం తెల్లవారుజామున 3 గంటలకు బయల్దేరి ఒంగోలు దాకా తొక్కి, సాయంత్రానికి నెల్లూరు తిరిగొచ్చాను. రానూ పోనూ 240 దగ్గర పడుతుంది. మర్నాడు పొద్దున ఉంగరం వేలు, చిటికెన వేలు మొద్దుబారి ఉన్నాయి. హ్యాండిల్ మీద గంటలకొద్దీ బరువు మోపితే అరచేతి అంచున పోయే నరం నొక్కుకుని అలా అవుతుంది. నొప్పి లేదు కదా అని షెడ్డులోకి వెళ్లి వెనక ఇరుసు హౌసింగును పట్టి ఉంచే ట్రెయిలింగ్ ఆర్మ్ బ్రాకెట్లు రెండు వెల్డు చేశాను. పైకి వెల్డు పూస చక్కగానే కనిపించింది. గ్రైండింగ్ చేసి, రెడ్ ఆక్సైడ్ కొట్టి, మరిచిపోయాను.

నాలుగు నెలల తర్వాత మొదటిసారి కారు నడిపాను. తెలిసినవాళ్ల వెంచర్‌లో, ఇళ్లు ఇంకా లేవని చూసి, వాళ్ల అనుమతి తీసుకుని. ఇరవై స్పీడులో మలుపు తిప్పుతుంటే వెనక నుంచి టక్కుమని శబ్దం, కారు ఒక పక్కకు లాగేసింది. దిగి చూస్తే కుడి బ్రాకెట్ వెల్డు దగ్గరే ఊడి వచ్చింది. లోహం పైపైన అంటుకుంది తప్ప లోపలికి కరగలేదు. చెయ్యి కుదురుగా లేక టార్చి కోణం తప్పిందన్నమాట. ఆ రోజు నా కొడుకు పక్క సీట్లో కూర్చుంటానని పట్టుబట్టాడు. మొదటిసారి నేనొక్కణ్ణే అన్నాను, అంతే తేడా. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది.

అప్పటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాను, నువ్వూ పెట్టుకో. 100 కిలోమీటర్లు దాటి తొక్కిన తర్వాత రెండు రోజులు స్టీరింగు, బ్రేకులు, సస్పెన్షన్, సీటు బెల్టు తగిలించే చోట్లు ముట్టుకోకూడదు. ఆ రెండు రోజుల్లో పాత బోల్టులు కిరోసిన్‌లో నానబెట్టడం, వైరింగ్ కొలతలు, కార్డుబోర్డుతో నమూనాలు కత్తిరించడం లాంటివి చెయ్యి. ప్రాణం ఆధారపడే ప్రతి వెల్డుకూ డై పెనిట్రెంట్ పరీక్ష చెయ్యి. ఎర్ర ద్రవం పూసి, తుడిచి, తెల్ల పొడి కొడితే పైకి తెరుచుకున్న పగులు ఎర్ర గీతగా తేలుతుంది. లోపల కరగని చోటు మాత్రం అది పట్టుకోదు. అందుకే అలాంటి జాయింటుకు ముందు అదే పైపు ముక్కల మీద ఒక నమూనా వెల్డు చేసి, వైసులో బిగించి సుత్తితో విరగ్గొట్టి చూడు. లోపల మెరిసే గీత కనిపిస్తే ఆ రోజుకు టార్చి పక్కన పెట్టెయ్యి.

వెల్డింగు గురించే ఇంకో మాట. జీఐ పైపు, అంటే జింకు పూత ఉన్నది, వాడొద్దు. జింకు పొగ పీలిస్తే ఆ రాత్రికి జ్వరం, వణుకు పట్టుకుంటాయి. నేను ఒకసారి గేటుకు మిగిలిన జీఐ ముక్కతో స్టాండు చేసుకుని రెండు రోజులు పడుకున్నాను. నల్ల స్క్వేర్ పైపు, 25 మిల్లీమీటర్లది, 16 గేజ్ తెచ్చుకో. గ్రైండింగ్ చేసేటప్పుడు మాస్కు, కళ్లద్దాలు తప్పవు. ఊపిరితిత్తులు నీకు సైకిలు మీద కూడా కావాలి.

సైకిలు వైపు దెబ్బ కూడా చెప్తాను. చెన్నైలో మొదలయ్యే 400 బ్రెవే, నెల్లూరు దాటి తిరిగి చెన్నై. గడువు 27 గంటలు. ఆ వారం ఇంజను కూర్చోబెడుతున్నాను. బుధ, గురు రాత్రులు ఒంటిగంట దాకా కారు కింద వెల్లకిలా పడుకుని మౌంట్లు బిగించాను. మెడ పైకెత్తి పట్టుకుని చేసే పని అది. శనివారం మా ఊరు మీదుగా తొక్కుతున్నప్పుడు మా ఆవిడ, పిల్లాడు హైవే మీద నిలబడి పెరుగన్నం ఇచ్చారు. అప్పటికే మెడ బిగుసుకుంది, వాళ్లకు చెప్పలేదు. నాయుడుపేట చేరేసరికి తల నిలవడం మానేసింది. గడ్డం కింద చెయ్యి పెట్టుకుంటే తప్ప రోడ్డు కనిపించదు. దూరాలు తొక్కేవాళ్లు దీన్ని షెర్మర్స్ నెక్ అంటారు. 280 దగ్గర ఆపేశాను. కాళ్లలో ఇంకా సత్తువ ఉంది, అదే ఎక్కువ బాధపెట్టింది. ఇప్పుడు బ్రెవేకు ముందు పది రోజులు షెడ్డుకు తాళం వేసి తాళంచెవి మా ఆవిడకు ఇస్తాను.

అంచేత వారాన్ని ముక్కలు చేయొద్దు, సంవత్సరాన్ని చెయ్యి. మన జిల్లాల వాతావరణమే దీనికి దారి చూపిస్తుంది. డిసెంబరు రెండో సగం నుంచి మార్చి దాకా సైకిలు. చల్లటి తెల్లవారుజాములు, గాలి నెమ్మది. నాలుగు బ్రెవేలూ వీలైతే ఆ నెలల్లోనే పూర్తి చెయ్యి. ఏప్రిల్, మే, జూన్ కారుకు. ఎండలో సైకిలు ఎటూ కుదరదు. రేకుల షెడ్డులో మధ్యాహ్నం వెల్డింగు కూడా కుదరదు కాబట్టి పొద్దున ఐదు నుంచి ఎనిమిది, మళ్లీ రాత్రి. ఫ్రేము, సస్పెన్షన్ ఆ మూడు నెలల్లో అయిపోవాలి. కాళ్లు మరిచిపోకుండా వారానికి రెండుసార్లు గంట తొక్కితే చాలు. జులై నుంచి సెప్టెంబరు రెండూ కొంచెం కొంచెం. పడమటి గాలి బలంగా వీచేటప్పుడు షెడ్డు తలుపులు మూసే సీఓటూ (కార్బన్ డయాక్సైడ్ గ్యాసు) వెల్డింగు చెయ్యి, లేకపోతే గ్యాసు ఎగిరిపోయి పూస నిండా బొక్కలొస్తాయి. అదే గాలి సైకిలుకు మంచి కసరత్తు: ముందు పడమటికి, గాలికి ఎదురు తొక్కి, అలిసిపోయాక గాలి వాలున ఇంటికి రా. అక్టోబరు, నవంబరు మనకు అసలైన వానలు, తుఫాన్లు. అప్పుడు వైరింగు, ఇంజను, సీట్లు. పెయింటు మాత్రం ఆ తడిలో కొట్టొద్దు, తెల్లబారుతుంది.

రోడ్ల విషయం. చీమకుర్తి వైపు గ్రానైట్ లారీలు ఎక్కువ, చీకట్లో ఆ రోడ్డు నీకు వద్దు. వారం మధ్యలో కొత్తపట్నం బీచి దాకా వెళ్లి రావడం సరిపోతుంది. హైవే మీద పక్క గీత అవతల కూడా ఎదురొచ్చే మోటారు సైకిళ్లు ఉంటాయి, ముందు లైటు తక్కువది కొనకు. మనవి బల్లపరుపు రోడ్లు, పారిస్-బ్రెస్ట్-పారిస్ అలా ఉండదు. 1,200 కిలోమీటర్లు, 90 గంటలు, దారంతా ఎత్తుపల్లాలే. నేనైతే నెలకోసారి రాపూరు దగ్గర వెలిగొండ ఘాట్ ఎక్కుతాను. అన్నట్టు 2023లో పారిస్-బ్రెస్ట్-పారిస్‌కు ముందు ఏడాది చేసిన పొడవైన బ్రెవేను బట్టి ముందుగా పేరు నమోదుకు వీలిచ్చారు. సూపర్ రాండొనీర్ సిరీస్ (నాలుగు బ్రెవేలు) మాత్రం అది జరిగే ఏడాదిలో చేసిందే కావాలి. నీ లెక్కలో ఇది పెట్టుకో.

కారు రిజిస్ట్రేషన్ గురించి నువ్వు అడగలేదు గానీ చెప్పాలి. ఇంగ్లండులో ఇంట్లో సొంతంగా కట్టిన బండికి విడిగా ఐవీఏ అనే పరీక్ష ఉంది, పాసైతే రోడ్డెక్కుతుంది. 1957లో సెవెన్ వచ్చినప్పటి నుంచి అక్కడ కిట్టు తెచ్చుకుని ఇంట్లో బిగించుకోవడం అలవాటే. మన దగ్గర సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్సులో 126వ రూలు కింద నమూనా బండిని ఏఆర్ఏఐ లాంటి వాహన పరీక్షా సంస్థ పరీక్షించాలి. అది కంపెనీలు మోసే బరువు. "ఓమ్ని ఆర్‌సీ ఉంది కదా, దాంతో తిప్పెయ్" అని చెప్పేవాళ్లుంటారు, వినకు. ఓమ్నికి విడిగా ఛాసిస్ లేదు, బాడీయే ఛాసిస్. దాన్ని కోసేశాక ఆ నంబరు నీ ఫ్రేముది కాదు. పాత బండి ఇక వాడకానికి పనికిరాకుండా పోయినట్టు 14 రోజుల్లో రిజిస్ట్రేషన్ అధికారికి తెలియజేయాలని 55వ సెక్షన్ చెప్తుంది. నా కారు ప్రైవేటు స్థలంలోనే తిరుగుతుంది, అక్కడికి టాటా ఏస్ మీద ఎక్కించి తీసుకెళ్తాను. ఈ సంగతి ఇంట్లో ముందే చెప్పు. డబ్బు పోశాక తెలిస్తే గొడవలవుతాయి.

పిల్లల సంగతి నువ్వే తేల్చుకోవాలి. మా ఇంట్లో ఆదివారం సాయంత్రం ఈ రెండూ నిషిద్ధం.

సైకిలు నెలల్లో ఫ్రేము తుప్పు పడుతుందేమోనని నీ ప్రశ్న చివర రాశావు. పడుతుంది. సముద్రం దగ్గర ఊళ్లలో తడి నెలల్లో గ్రైండింగ్ చేసిన చోటు రెండు మూడు రోజులకే ఎర్రబడుతుంది. డిసెంబరులో షెడ్డు మూసే ముందు నూనె, మసి లేకుండా థిన్నరుతో తుడిచి రెండు పూతలు రెడ్ ఆక్సైడ్ కొట్టు. తర్వాత వెల్డు చేయాల్సిన చోట్ల ఒక అంగుళం వదిలి అక్కడ గ్రీజు పుయ్యి. టార్పాలిన్ నేరుగా కప్పొద్దు, లోపల చెమ్మ పట్టి ఇంకా పాడవుతుంది. నాలుగు ఇటుకల మీద ఎత్తిపెట్టి, పైన పాత దుప్పటి వేసి, గాలి ఆడేలా వదిలెయ్యి. మార్చి చివర నువ్వు తలుపు తీసేసరికి అలాగే ఉంటుంది.