జ్యూస్ ప్యాకెట్‌లో తోలు ముక్క... బల్లేనా?

ప్రశ్న: మాది తిరుపతి. మా బాబుకు 8 ఏళ్లు. నిన్న బస్టాండ్ దగ్గర కొన్న మామిడి జ్యూస్ ప్యాకెట్ సగం తాగాక స్ట్రాకు ఏదో అడ్డం పడింది. కోసి చూస్తే బూడిద రంగులో, తోలులాంటి జారుడు ముక్క. ఇంట్లో పెద్దవాళ్లు బల్లి అంటున్నారు. బాబు ఒకసారి వాంతి చేసుకున్నాడు. విషం ఎక్కుతుందా?

జవాబు: ముందు బాబు సంగతి. గోడల మీద తిరిగే ఇంటి బల్లికి విషం లేదు. నిజంగా బల్లే పడినా, భయపడాల్సింది దాని పేగుల్లో ఉండే సాల్మొనెల్లా బ్యాక్టీరియాకు. అది సోకితే 6 గంటల నుంచి 6 రోజుల్లోపు జ్వరం, కడుపునొప్పి, విరేచనాలు మొదలవుతాయి. అన్నాళ్లూ కనిపెట్టుకుని ఉండండి. ఒక్క వాంతి అసహ్యం వేసినా అవుతుంది, దానికి మందులు అక్కర్లేదు. లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో పెద్ద ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మొత్తం కలిపి, రెండు నిమిషాలకో చెంచా పట్టండి. ఉప్పునీళ్లు తాగించి కక్కించే పని మాత్రం దయచేసి చేయవద్దు. పిల్లల రక్తంలో సోడియం ఒక్కసారిగా పెరిగి ఫిట్స్ రావచ్చు. వాంతులు ఆగకపోయినా, విరేచనంలో రక్తం పడినా, 6 గంటలకు పైగా మూత్రం రాకపోయినా రుయా ఆసుపత్రికి తీసుకెళ్లండి. పెదాలు వాచినా, ఆయాసం వచ్చినా అలర్జీ కావచ్చు, క్షణం ఆగకూడదు.

ఇక ఆ ముక్క. మీరు చెప్పినదాన్ని బట్టి అది బూజు అయ్యే అవకాశమే ఎక్కువ. లారీలోనో, పెట్టెలు పేర్చేటప్పుడో ప్యాకెట్‌కు సూదిమొనంత చిల్లు పడితే చాలు, గాలీ, బూజు విత్తులూ లోపలికి పోతాయి. మామిడి రసంలోని పులుపు చాలా బ్యాక్టీరియాను ఆపుతుంది గానీ బూజును ఆపదు. అది పెరిగి పెరిగి చాప కట్టి, అచ్చం తోలులా కనిపిస్తుంది. తెల్ల పళ్లెంలో పెట్టి, అంచు మాత్రమే రెండు టూత్‌పిక్‌లతో లాగి చూడండి. బూజైతే తడి దూదిలా పోగులుగా విడిపోతుంది. బల్లైతే వెన్నెముక, కాలివేళ్లు కనిపిస్తాయి, చర్మం అంత తేలిగ్గా చిరగదు. ప్యాకెట్ మూలలు, మడతల్లో తడి మరకలున్నాయేమో కూడా చూడండి.

తర్వాత ముక్కను మిగిలిన జ్యూస్‌తో సహా మూతున్న శుభ్రమైన గాజు సీసాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టండి. డెట్టాల్, స్పిరిట్ లాంటివేవీ పోయకండి. జంతువు అని తేలితే ల్యాబ్‌లో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ (జంతువుల ఒంట్లో ఉండే ఒక ఎంజైమ్) పరీక్ష చేయవచ్చు. ఫ్యాక్టరీలో జ్యూస్‌ను వేడి చేసినప్పుడు ఆ ఎంజైమ్ నశిస్తుంది. ఇంకా పనిచేస్తుంటే, ఆ జీవి వేడి చేసిన తర్వాతే లోపలికి చేరి ఉంటుందని అర్థం. అందుకే దుకాణదారు వేరే ప్యాకెట్ ఇస్తానన్నా ఆ ముక్కను చేతికివ్వకండి. బ్యాచ్ నంబరు, తేదీ కనిపించేలా ఫొటోలు తీసి, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) టోల్‌ఫ్రీ 1800112100కు ఫిర్యాదు చేయండి. బయటి పదార్థం ఉన్న ఆహారానికి 2006 నాటి ఆహార భద్రతా చట్టం సెక్షన్ 54 కింద లక్ష రూపాయల దాకా జరిమానా పడుతుంది. ఫోన్ ఈరోజే చేయండి. అదే బ్యాచ్ ప్యాకెట్లు ఇంకా ఆ దుకాణంలో ఉంటేనే అధికారులు శాంపిల్ తీయగలరు.